సగం కడిగిన తెలుపు

సువా సరస్సు గడ్డకట్టిన జనవరి.
రాత్రి రెండున్నర.
మూడో లైన్ చివర, భూతద్దం చుట్టూ వెలిగే దీపం కింద
నలభై ఎనిమిది ఆకుపచ్చ బోర్డులు.
టంకం అతికిన ప్రతి కాలి చుట్టూ
తెల్లటి పొర.

బూజు కాదు, ఉప్పు కాదు.
వేలితో రాస్తే పోతుంది,
తడి ఆరగానే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది
అప్పులవాడిలా.

వాల్‌జిర్ మియాహిరా లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.
పగటి షిఫ్టు వాళ్ళు వదిలిన చీటీలో ఒకటే ముక్క:
ఆల్కహాల్‌తో తుడిచాం.
తుడిచారు, నిజమే.
ఒకటే బ్రష్షు, ఒకటే గుడ్డ,
ఒక బోర్డు మురికిని ఇంకో బోర్డుకు పంచుతూ
తూతూమంత్రం తుడుపు.

కియోసావా మిత్సుఎ వచ్చింది.
ఈ లైన్ మీద ముప్ఫై ఒకటో చలికాలం ఆమెకు.
తిట్టలేదు. బోర్డు ఎత్తి వాసన చూసింది.
"తుడవకముందు ఇక్కడేముంది?"
"ఫ్లక్స్. పల్చగా, తేనెరంగులో.
కడగనక్కర్లేదని డబ్బా మీదే రాసుంది."
"మరి?"
"ఆసుపత్రి యంత్రాలవాళ్ళకి మెరుపు కావాలట."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటాం.
ఇక్కడ తొక్కక తప్పదు.
ఫ్లక్స్ లేనిదే రాగి
టంకాన్ని గడప తొక్కనివ్వదు.
తొక్కాక ఉన్నవి రెండే దారులు:
అలాగే వదిలెయ్యడం,
లేదా మడమల పగుళ్ళదాకా కడగడం.
మధ్యలో ఆగితేనే ఈ తెలుపు.

పైన్ చెట్టు బంక అది.
కాస్త ఆమ్లాన్ని కడుపులో దాచుకుని
గాజులా గట్టిపడి, ఎవరి జోలికీ పోకుండా పడుకునుంది.
ఆల్కహాల్ వచ్చి దుప్పటి లాగేసింది,
పడుకున్నవాణ్ణి మాత్రం అక్కడే వదిలింది.

వాల్‌జిర్‌కి ఇది కొంచెం తెలుసు.
ఆరేళ్ళుగా నాలుక మీంచి లోంద్రీనాని తుడుస్తున్నాడు.
బ్యాడ్జీ మీద అతను బరుజిరు.
బాగా అలిసిపోయిన రాత్రి
రెండు భాషల్లోనూ తెల్లగా తేలతాడు.
ఈ మాట ఎవరికీ చెప్పలేదు. బ్రష్షు అందించాడు.

ఆమె అదే ఫ్లక్స్ తీసింది.
అదే డబ్బా, అదే బంక.
తెల్లటి చోట ఒక చుక్క అద్ది వేడిగాలి పట్టింది.
పెనం మీద వెన్నలా తెలుపు కరిగి
మళ్ళీ తేనెరంగు తిరిగింది. పైన్ వాసన.
అతను నోరు తెరిచాడు.
"ముందు మొత్తం మురికి చెయ్యి," అంది,
"తర్వాత మొత్తం కడుగు."

అరవై డిగ్రీల సబ్బునీళ్ళు.
నాలుగు తొట్లలో లవణం లేని నీళ్ళు.
చివరి తొట్టి మీటరు మీద అంకె దిగుతోంది, దిగుతోంది,
సున్నా దగ్గరికి వచ్చి, సున్నా కాకుండా ఆగింది.
"చాలు," అంది మిత్సుఎ.

తెల్లారేసరికి నలభై ఏడు.
పదిహేడో నంబరు మీద ఒక మూల గోధుమరంగు.
మళ్ళీ ముంచాడు. మళ్ళీ రుద్దాడు.
ఆమె అతని చేయి పట్టుకుని ఆపింది.
"అది అంటుకున్నది కాదు, మారినది.
వేడి ఎక్కువసేపు నిలబడ్డ చోటు.
ఇంకా రుద్దితే రాగి బయటపడుతుంది."
తీగలు రెండూ ఆనించి చూసింది.
కరెంటు మామూలుగానే పారుతోంది.

ఫారంలో రెండే గళ్ళు: పాస్, రద్దు.
పెన్సిల్‌తో పక్కన మూడో గడి గీసి
"రంగు మారింది, పని చేస్తోంది" అని రాసి
టీ తాగడానికి వెళ్ళిపోయింది.
కొనేవాళ్ళు ఒప్పుకోరని ఇద్దరికీ తెలుసు.

పగటి షిఫ్టుకి చీటీ వాల్‌జిర్ రాయాలి.
సగం తుడవకండి. అంతే.
చివరి అక్షరంలో గీత ఒకటి పక్కకి పోయింది.
రబ్బరు తీశాడు, ఒకసారి రుద్దాడు,
కాగితం మీద బూడిదరంగు మసక పరుచుకుంటుంటే
ఆగి,
ఆ అక్షరాన్నే మళ్ళీ, కాస్త నొక్కి,
అలాగే వంకరగా దిద్దాడు.